ప్లేటు మీద గీతలు ఎన్ని?

చిరంజీవులైన మనవడికి, మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న సంక్రాంతి సెలవులకు మీరు వచ్చినప్పుడు, అటక మీదినుంచి దింపిన గ్రామఫోన్ ప్లేట్లలో మొదటగా ఘంటసాల వారి భగవద్గీతను పెట్టగానే, మీరిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, "తాతయ్యా, వీధిలో ఎవరైనా పోయారా?" అని అడిగారు. నాకు నవ్వు వచ్చింది గాని తప్పు మీది కాదు, ఎందుకంటే ఆ గీతను వైకుంఠ రథం మైకులో తప్ప మరో చోట వినే సందర్భమే మీకు రాలేదు. 1974 ఫిబ్రవరి 11న కన్నుమూసిన ఆ మహాగాయకుడు తన చివరి కాలంలో పాడిన ఆ గీతను మేము ఇంట్లో చాప పరుచుకుని కూర్చుని వినేవాళ్లం. శ్లోకం పాడుతున్నంతసేపూ సభ అంతటికీ వినిపించేలా ఉన్న గొంతు, తాత్పర్యం దగ్గరికి వచ్చేసరికి పక్కన కూర్చున్నవాడికి నచ్చజెప్తున్నట్టు తగ్గుతుంది. వీధి మైకులో రెండూ ఒకే హోరు అయిపోతాయి కాబట్టి, నా దృష్టిలో అందులో సగం గీత పోయినట్టే.

ఆ రోజు మీరు అడిగిన మరో ప్రశ్నకు నేను సరిగా జవాబు చెప్పలేదు. "ఇందులో పాట ఎక్కడుంది?" అన్నారు. నేను ఎదురు ప్రశ్నగా ప్లేటు మీద ఎన్ని గీతలు ఉన్నాయో లెక్కపెట్టమంటే, ఒకరు వంద అన్నారు, ఒకరు వెయ్యి అన్నారు. నిజానికి ఒక వైపున ఉన్నది ఒక్కటే గీత. అంచు దగ్గర మొదలై, జంతికల చుట్టలాగా తిరుగుతూ లోపలికి వెళ్లే ఆ సన్నని గాడిని విప్పి నిటారుగా పరిస్తే దాదాపు అర కిలోమీటరు వస్తుంది. గాయకుడి గొంతు గాలిని ఎలా కదిలించిందో, ఆ గాడి గోడలు అలాగే వంకరలు తిరిగి ఉంటాయి. ముల్లు ఆ వంకరల వెంట పోతూ వణుకుతుంది, ఆ వణుకు చిన్న విద్యుత్తుగా మారుతుంది, దానిని యాంప్లిఫయరు పెద్దది చేసి స్పీకరుకు పంపుతుంది. స్పీకర్ల తీగలు ఊడదీసి, ముల్లు దగ్గర చెవి పెట్టమన్నప్పుడు మీకు చీమంత గొంతుతో అదే శ్లోకం వినిపించింది కదా, పాట ఎక్కడుందన్న ప్రశ్నకు అదే జవాబు.

ఆ ప్లేటు చివర 'స', 'ష' అక్షరాలు కొంచెం చీరుకుపోయినట్టు ఉన్నాయని పట్టుకున్న మనవరాలి చెవికి నా మెప్పు. ఆ ప్లేటు నిమిషానికి 33 చుట్లకు కొద్దిగా పైన, మొదటినుంచి చివరిదాకా ఒకే లెక్కన తిరుగుతుంది. అయితే అంచు దగ్గర చుట్టు పెద్దది కనుక సెకనుకు సుమారు 50 సెంటీమీటర్ల గాడి ముల్లు కిందనుంచి పోతుంది, నడుమకు చేరేసరికి అది దాదాపు 21 సెంటీమీటర్లకు పడిపోతుంది. అంతే శబ్దాన్ని సగానికన్నా తక్కువ చోటులో ఇరికించవలసి వచ్చినప్పుడు, సన్నని అక్షరాలే ముందుగా నలిగిపోతాయి.

ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి సుప్రభాతం గురించి ఎక్కువ రాయను, అది మీరు ఫోనులో రోజూ వినేదే. నా ప్లేటులో మాత్రం ఒక చోట ముల్లు వెనక్కి దూకి అదే ముక్కను మళ్లీ మళ్లీ పాడించింది. మీ అమ్మ నా మాటలను "అరిగిపోయిన రికార్డు" అంటుంది గాని, అరిగిన రికార్డు అలా చేయదు. అరిగితే గొంతు మసకబారి గరగర పెరుగుతుంది, అంతే. అడ్డంగా గీరుకుపోయి గాడి గోడ తెగినప్పుడే ముల్లు పక్క చుట్టులోకి జారి, తిరిగి తిరిగి అక్కడికే వస్తుంది. కాబట్టి నన్ను గీరుకుపోయిన రికార్డు అనమని ఆమెకు చెప్పండి.

ఇక నాకు అన్నిటికన్నా ప్రియమైనది పుష్పవిలాపం ప్లేటు. జంధ్యాల పాపయ్యశాస్త్రి గారి పద్యాలను ఘంటసాల వారు పాడిన ఈ రికార్డు నిమిషానికి 78 చుట్లు తిరగాలి. మనవడు 33 మీదనే ఉంచి ముల్లు దించేసరికి, కోయవద్దని వేడుకునే పువ్వు కాస్తా కుంభకర్ణుడిలా ఆవులించింది! ఇది గీత ప్లేటులా వినైల్ అనే ప్లాస్టిక్ కాదు, లక్కతో రాతిపొడి కలిపి అచ్చుపోసినది. ఏటికొప్పాక బొమ్మలకు ఆ మెరుపు ఇచ్చేదీ ఆ లక్కే. చేయి జారితే పెంకులా పగులుతుంది, నా దగ్గర అలా పోయినవి ఉన్నాయి.

పది అంగుళాల ఆ ప్లేటులో ఒక వైపున పట్టేది మూడు నిమిషాలు, మహా అయితే కొద్దిగా ఎక్కువ. మా చిన్నప్పుడు నాటకాల్లో పద్యం చివర రాగం ఎంతసేపు తీస్తే అంత గొప్ప, జనం "వన్స్ మోర్" అంటే నటుడు యుద్ధం మధ్యలో ఆగి మళ్లీ పాడేవాడు. ప్లేటు ముందు నిలబడిన గాయకుడికి అంత తీరిక లేదు. పుష్పవిలాపంలో ప్రతి రాగమూ ఇంకొంచెం సాగుతుందనుకున్న చోటే ఆగిపోవడానికి ఆ మూడు నిమిషాల గడువు కూడా కొంత కారణమని నేను అనుకుంటాను. నా మటుకు అదే బాగుంది, ఏడుపును సాగదీస్తే జాలి తగ్గిపోతుంది. కావలసినవాడు ముల్లు ఎత్తి మళ్లీ మొదట పెట్టుకుంటే అదే వన్స్ మోర్.

మొదటి వైపు అయిపోయి ప్లేటు తిరగేయబోతుండగా మీ బస్సుకు వేళయింది. నేను ఒక్కడినే రెండో వైపు వినలేదు. ప్లేటు అట్టలో పెట్టకుండా టర్న్‌టేబుల్ మీదనే ఉంచి, దుమ్ము పడకుండా పైన గుడ్డ కప్పాను. వేసవి సెలవులకు వచ్చేటప్పుడు కళ్లద్దాలు తుడుచుకునే మెత్తని గుడ్డలు రెండు తీసుకురండి, ఇక్కడ ఉన్నవన్నీ గీతలు పెడుతున్నాయి.

ఇట్లు,
మీ తాతయ్య