తోడు లేని కుండలు

నౌపడ ఉప్పుమడుల దగ్గర రొయ్యల చెరువున్న పాత శిష్యుడొకడు, పంపులోంచి ఊడదీసిన ఇంపెల్లర్ (నీటిని తోసే రెక్కల చక్రం) తెచ్చి బల్ల మీద పెట్టాడు. లోహపు పొడిని లేజరుతో పొర మీద పొరగా కరిగించి త్రీడీ ప్రింటర్‌లో చేయించిందట.

"316ఎల్ రకం స్టెయిన్‌లెస్ స్టీలే మాస్టారూ. ఆర్నెల్లకే ఈ చిల్లులేటి?"

భూతద్దం కింద ఆవగింజంత కూడా లేని గోధుమరంగు చుక్క. గుండుసూదితో కెలికితే సూది లోపలికి దిగిపోయింది.

ప్రింటింగు సంగతి యూట్యూబులో బోలెడుంది, వదిలేస్తాను. నాకిష్టం ఆ చిల్లు.

ఈ స్టీలుని కాపాడేది కొన్ని నానోమీటర్ల మందపు క్రోమియం ఆక్సైడు పొర. గీత పడినా తనే పూడుకుంటుంది. ఉప్పునీటి క్లోరైడు దాన్ని ఒకచోట ఛేదించిందంటే అక్కడో తరవాణి కుండ (అన్నం, గంజి పులియబెట్టే కుండ) మొదలైనట్టే. కరిగిన లోహపు అయాన్లు నీటితో కలిసి ఆమ్లం పుట్టిస్తాయి. లోపల పెరిగిన ధనావేశం బయటి క్లోరైడుని లాక్కుంటుంది. ఆ పులుపుకి లోహం ఇంకా కరుగుతుంది. నిన్నటి పులుపే నేటికి తోడు. కుండకి మూత కూడా ఉంటుంది: కరగకుండా పైన మిగిలిన, జల్లెడలాంటి పలుచని లోహపు రేకు. చిల్లు లోతుపడక ముందే అది విరిగితే పులుపు పలచబడి పొర మళ్లీ కట్టుకుంటుంది. (తరవాణిలో సూక్ష్మజీవులుంటాయి, ఇక్కడ ఉత్త రసాయనమే.)

మామూలు స్టీల్లో మొదటి తోడు చాలాసార్లు మాంగనీస్ సల్ఫైడు నలుసు. లేజరు కరిగించిన లోహమో, సెకనుకి లక్ష నుంచి కోటి డిగ్రీల వేగంతో చల్లారుతుంది. నలుసు ఎదిగే వ్యవధే దొరకదు. అందుకే శుభ్రంగా ప్రింటయిన 316ఎల్ ప్రయోగశాలలో మామూలు దానికన్నా మెరుగ్గా నిలిచిన సందర్భాలున్నాయి.

మనవాడి ముక్కకి తోడు లేదు గానీ, కుండలు ముందే సిద్ధం. లేజరు శక్తి చాలకపోతే పొరల మధ్య వంకరటింకర ఖాళీలు, మరీ ఎక్కువైతే లోహం ఆవిరై గుండ్రటి బొక్కలు. వాటి నోరు పైకి తెరుచుకుని నీరు నిలిచిందా, ఇక తవ్వే పనే లేదు.

అన్నట్టు, ఆ మోటారుకి దిష్టి నిమ్మకాయ కట్టారట. రసం కారిన ఇనప బోల్టే ముందు తుప్పుపట్టింది. దిష్టి మాటెలా ఉన్నా సిట్రిక్ ఆమ్లం తన పని చేసింది!

ముక్కని కోసి ఎమరీ కాగితంతో రుద్దాం. పొరల వెంట చీమలబారులా నల్లటి ఖాళీలు.

"కాల్చి నొక్కిస్తే పూడవా?" అన్నాడు. కొలిమిలో అన్నివైపులా వాయువుతో నొక్కితే లోపలివి పూడతాయి. పైకి తెరుచుకున్నవి పూడవు, వాయువు వాటిలోకీ దూరుతుంది. పైగా ఆ వేడికి సల్ఫైడు నలుసులు మళ్లీ పుట్టొచ్చు. ఈసారి డబ్బు కట్టేముందు, లోపల ఖాళీలెన్నో తెలిసేలా సాంద్రత ఎంతో రాయించుకో, పైభాగం పాలిష్ చేయించు అన్నాను.