కుళాయి నీళ్లలో మందు వాసన

పాతగుంటూరు నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "పొద్దున కుళాయి నీళ్లు బ్లీచింగ్ వాసన వస్తున్నాయి. పిల్లలకు తాగించొచ్చా?" నిక్షేపంగా తాగించండమ్మా. రోజూ ఉండే ఆ కాస్త వాసన ఉన్నట్టుండి మాయమైతేనే కంగారు పడాలి.

2018 మార్చిలో మన గుంటూరులోనే ఆనందపేట చుట్టుపక్కల అతిసారం ప్రాణాలు తీసింది. తాగునీటిలో మురుగు కలిసింది. ఎలా కలుస్తుంది? నీళ్లు వదిలినంతసేపూ పైపులో ఒత్తిడి ఎక్కువ కాబట్టి చిల్లున్నా నీరే బయటికి చిమ్ముతుంది. ఆపేశాక లోపలి నీళ్లు పల్లానికి జారిపోతాయి, ఒత్తిడి పడిపోతుంది. అదే చిల్లు ఇప్పుడు పక్క కాలవలోని మురుగును లోపలికి పీలుస్తుంది. కుళాయికి నేరుగా మోటారు బిగిస్తే ఇంకా గట్టిగా పీలుస్తుంది.

మీకు వచ్చే ఆ వాసన క్రిములను చంపడానికి నీళ్లలో కలిపే క్లోరిన్‌ది. ఈ క్లోరిన్, బజారుకు పంపిన పిల్లాడి జేబులో డబ్బులాంటిది. దారిలో తగిలిన ప్రతి మలినానికీ కొంత ఖర్చవుతుంది. చివరి కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. రోజూ ఇచ్చినంతే ఇచ్చి పంపినా, మిగిలే చిల్లర ఇవాళ లేదంటే దారిలో కొత్తగా ఎవరో చేయి పెట్టారు. ఏ సందు దాటాక జేబు ఖాళీ అయిందో చూస్తే ముందు తవ్వాల్సింది అక్కడే. మురుగులోని అమ్మోనియా క్లోరిన్‌ను క్లోరమైన్లుగా మారుస్తుంది. అవీ డబ్బే, విలువ తక్కువ. నీళ్లలో క్లోరిన్ రెండు రూపాల్లో ఉంటుంది: పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.5 దగ్గర సుమారు సగం హైపోక్లోరస్ ఆమ్లం, సగం హైపోక్లోరైట్ అయాన్. క్రిమిని చంపడంలో ఆమ్లానిదే పైచేయి. పీహెచ్ పెరిగితే జేబులో లెక్క మారదు, కొనే శక్తి పడిపోతుంది!

క్లోరిన్ మిగిలిందో లేదో చూడటానికి ఓటీ (ఆర్థోటోలిడిన్) చుక్కలు ఉన్నాయి. క్లోరిన్ ఉంటే, అవి వేయగానే నీరు పసుపెక్కుతుంది. రంగు వెంటనే చూడాలి, ఆలస్యమైతే క్లోరమైన్లూ లెక్కలోకి వచ్చేస్తాయి. పదో తరగతిలో బ్లీచింగ్ పౌడర్ ఫార్ములా బట్టీ పట్టిస్తాం, బడి కుళాయి దగ్గర ఈ చుక్కలు మాత్రం వేయించం. నాకు చాలా బాధగా ఉంటుంది.

కలరా క్రిమి ఒంట్లో చేరాక విరేచనాలు మొదలవడానికి కొన్ని గంటల నుంచి 5 రోజులు పడుతుంది. 2004లో మొదలైన సమీకృత వ్యాధి నిఘా కార్యక్రమం రోగుల లెక్క పోగేస్తుంది. అది కావాల్సిందే, కానీ ఆ లెక్క తేలేసరికి జనం ఆ నీళ్లు తాగేసి ఉంటారు. చుక్కల పరీక్ష ఆ పొద్దునే చెబుతుంది. రెండూ ఒకే వార్డు పటం మీద, పైపు లైన్ల పక్కన గుర్తు పెట్టాలన్నది నా గట్టి కోరిక. కలరా వస్తే మరిడమ్మకు మొక్కుకున్న మన పెద్దలు కూడా వాడంతా ఒకేసారి మంచం పట్టడం గమనించారు. అందరూ తాగిన నీటి వైపు మాత్రం చూపు పోలేదు.

మీరు చేయాల్సింది ఇదమ్మా: మొదట వచ్చే నీళ్లు వదిలేయండి. వాసన పోయినా, నీళ్ల రంగు మారినా ఏఎన్ఎంకి చెప్పి, అప్పటిదాకా కాచి చల్లార్చి తాగండి. మీ సందులో రెండో ఇంట్లో కూడా విరేచనాలు మొదలైతే, అదీ ఆ పూటే చెప్పండి.