ఇంట్లో పాటలు వినడానికి యాంప్ కావాలా? హెడ్‌ఫోన్ల గురించిన అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్ కోఠీలో హెడ్‌ఫోన్లు అమ్మడం, పాడైనవాటిని బాగుచేయడం నా వృత్తి. దుకాణానికి వచ్చేవారిలో చాలామంది తాము ఏం వింటారో, ఇంట్లో ఎక్కడ కూర్చుని వింటారో చెప్పకముందే "ఏ డాక్ తీసుకోమంటారు, ఏ యాంప్ తీసుకోమంటారు?" అని అడుగుతారు. డాక్ అంటే ఫోన్‌లోని డిజిటల్ సమాచారాన్ని శబ్దంగా మార్చే పరికరం, యాంప్ అంటే దానికి బలమిచ్చే పరికరం. హెడ్‌ఫోన్ ఇంకా కొననివారు కూడా ముందు ఇదే అడగడం చూస్తే, వీడియోల్లోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ తిరిగే మాటలు ఎంత లోతుగా నాటుకున్నాయో తెలుస్తుంది. నా దగ్గరికి వచ్చేవారి జేబుకు అన్నిటికంటే పెద్ద చిల్లు పెడుతున్న అపోహ ఇదే కాబట్టి దీని గురించే వివరంగా రాస్తాను. మిగిలినవాటికి అంత స్థలం అవసరం లేదు.

అపోహ: ఫోన్‌కు మంచి హెడ్‌ఫోన్‌ను నడిపే శక్తి ఉండదు, ఓమ్స్ ఎక్కువ ఉన్న హెడ్‌ఫోన్‌కు యాంప్ తప్పనిసరి.

హెడ్‌ఫోన్ ఎంత గట్టిగా మోగుతుందో ఇంపీడెన్స్ (అంటే విద్యుత్తుకు అది చూపే అడ్డు, ఓమ్స్‌లో చెప్పేది) ఒక్కటే చెప్పదు. చూడవలసింది సెన్సిటివిటీ, అంటే ఇంత విద్యుత్తు ఇస్తే ఇన్ని డెసిబెల్స్ వస్తాయని డబ్బా మీదో కంపెనీ పత్రంలోనో ఉండే అంకె. చిక్కు ఎక్కడ వస్తుందంటే, కొన్ని కంపెనీలు దానిని 1 వోల్టుకు ఇస్తాయి, మరికొన్ని 1 మిల్లీవాట్‌కు ఇస్తాయి. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి పోల్చేవారు తప్పుడు నిర్ణయానికే వస్తారు. మిల్లీవాట్ లెక్కను వోల్టు లెక్కలోకి మార్చుకోవాలంటే 16 ఓమ్స్ హెడ్‌ఫోన్‌కు 18, 32 ఓమ్స్‌కు 15, 64 ఓమ్స్‌కు 12, 250 ఓమ్స్‌కు 6, 300 ఓమ్స్‌కు 5 చొప్పున ఆ డెసిబెల్స్‌కు కలపాలి. ఈ అయిదు అంకెలను ఒక చీటీ మీద రాసి కౌంటరుకు అంటించాను.

లెక్క వేసి చూద్దాం. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో 250 ఓమ్స్ రకానికి కంపెనీ చెప్పే సెన్సిటివిటీ 1 మిల్లీవాట్‌కు 96 డెసిబెల్స్. దానికి 6 కలిపితే 1 వోల్టు దగ్గర 102 వస్తుంది. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 ఇంపీడెన్స్ 300 ఓమ్స్, సెన్సిటివిటీ 1 వోల్టుకు 97 డెసిబెల్స్. యాంప్ లేకుండా పలకదని పేరుపడిన ఈ హెడ్‌ఫోన్ 1 వోల్టు దగ్గర తీసుకునేది మూడు మిల్లీవాట్లకు కాస్త ఎక్కువ, అంతే. ఇంట్లో నిదానంగా వినే శబ్దం సగటున 70 నుంచి 75 డెసిబెల్స్ ఉంటుంది, తనియావర్తనంలో మృదంగం దెబ్బలు పడినప్పుడు దానికి మరో 15 నుంచి 20 పైకి వెళుతుంది. అంటే 95 డెసిబెల్స్ అందితే చాలా ఇళ్ల అవసరం తీరిపోతుంది. వైరు హెడ్‌ఫోన్‌ను ఫోన్‌కు తగిలించడానికి ఆపిల్ అమ్మే చిన్న టైప్-సి డాంగిల్ 1 వోల్టు దాకా ఇస్తుంది కాబట్టి ఈ రెండు హెడ్‌ఫోన్లకూ అది చాలు (యూరప్‌లో అమ్మే రకం మాత్రం దాదాపు సగమే ఇస్తుంది). ఇక చెవిలోకి దూర్చుకునే 32 ఓమ్స్ ఇయర్‌ఫోన్ మిల్లీవాట్‌కు 105 డెసిబెల్స్ ఇచ్చేదైతే అదే డాంగిల్ మీద 120 దాకా పోగలదు. దానికి కావలసింది యాంప్ కాదు, వాల్యూమ్ తగ్గించుకునే జాగ్రత్త.

యాంప్ నిజంగా అవసరమయ్యేవారు లేరని నేను అనడం లేదు. వోల్టు లెక్కలో 95 డెసిబెల్స్ కూడా దాటని ప్లేనార్ (చదునైన పలుచని పొరతో మోగే) హెడ్‌ఫోన్లు కొన్ని ఉన్నాయి. నెమ్మదైన ఆలాపనలతో, తక్కువ స్థాయిలో రికార్డు చేసిన శాస్త్రీయ సంగీతాన్ని అలాంటి హెడ్‌ఫోన్లో వినేవారికి, లేదా సగం వోల్టు మాత్రమే ఇచ్చే డాంగిల్‌తో హెచ్‌డీ 600 వినేవారికి కొంత అదనపు బలం ఉపయోగపడుతుంది. అది కూడా లెక్క వేసుకున్న తరువాత కొనవలసిన వస్తువే తప్ప ముందుగా కొనవలసినది కాదు.

మరి ఇంతమంది "యాంప్ పెట్టగానే తేడా స్పష్టంగా తెలిసింది" అని ఎందుకు అంటారు? వారు అబద్ధం చెప్పడం లేదు. రెండు శబ్దాలలో ఒకటి ఒక్క డెసిబెల్ ఎక్కువగా ఉన్నా మన చెవి దానిని గట్టిదిగా కాక మెరుగైనదిగా గుర్తిస్తుంది. యాంప్‌ను హై గెయిన్‌లో (శబ్దాన్ని ఎక్కువ పెంచే సెట్టింగులో) పెట్టి వినిపిస్తే ఫోన్ ఎప్పుడూ ఓడిపోతుంది. అందుకే నా దుకాణంలో ఎవరైనా పోల్చి చూడాలనుకుంటే, రెండిటిలోనూ ఒకే టోన్ పెట్టి, మల్టీమీటర్‌తో వోల్టేజీ సమానం చేసి, ఏది మోగుతోందో కనబడకుండా గుడ్డ కప్పి వినిపిస్తాను. గుడ్డ కింద ఏదుందో సరిగ్గా చెప్పగలనని పందెం కాసినవారు కూడా ఆ తరువాత హెడ్‌ఫోన్ల అరల వైపు నడిచినవారే. యాంప్ అమ్మితే మిగిలే లాభం నాకు తెలియనిది కాదు, కానీ ఆ సొమ్ము హెడ్‌ఫోన్‌లోకి వెళితే కొనేవారికి వినబడే తేడా ఎన్నో రెట్లు ఎక్కువ.

వరంగల్ నుంచి వచ్చిన ఒక విశ్రాంత అధ్యాపకుల సంగతి చెప్పాలి. ఆయన ఎవరో చెప్పారని ఒక ఖరీదైన డాక్-యాంప్‌ను ఫోన్‌కు తగిలించి, వైర్‌లెస్ హెడ్‌ఫోన్‌ను బ్లూటూత్ మీద పెట్టుకుని నెలల తరబడి వింటున్నారు. బ్లూటూత్‌లో ఫోన్ నుంచి వెళ్లేది డిజిటల్ సమాచారం మాత్రమే. దానిని శబ్దంగా మార్చే డాక్, దానికి బలమిచ్చే యాంప్ రెండూ హెడ్‌ఫోన్ లోపలే ఉంటాయి కాబట్టి ఆయన కొన్న పెట్టె ఆ వరుసలో ఎక్కడా లేదు. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. "మాస్టారూ, దీన్ని మీ పాత వైరు హెడ్‌ఫోన్‌కు వాడుకోండి, అక్కడ పని చేస్తుంది" అని చెప్పి, ఎలా తగిలించాలో చూపించి పంపాను. ఆయనకు వచ్చిన అనుమానంలో తప్పేమీ లేదు, ఆ అనుమానాన్ని సొమ్ము చేసుకున్నవారి మీదే నా చిరాకు.

శబ్దం చాలడం లేదని నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో అత్యధిక భాగానికి కారణాలు వేరే ఉంటాయి. ఇయర్‌బడ్ ముందుండే సన్నని జాలీ గుబిలితో పూడుకుపోయి ఒక చెవిలో శబ్దం సగానికి పడిపోతుంది. మెత్తని పొడి బ్రష్షుతో, జాలీని కిందికి తిప్పి పట్టుకుని తుడిస్తే చాలాసార్లు సమస్య అక్కడే తీరుతుంది. రబ్బరు టిప్ సైజు చెవికి సరిపోకపోతే గాలి సందు మిగిలి బేస్ మాయమవుతుంది, అప్పుడు ఎంత పెద్ద యాంప్ పెట్టినా మృదంగం తొప్పి (ఎడమ వైపు) నాదం వినబడదు. కళ్లజోడు కాడ ప్యాడ్ కింద దూరినా, బుట్టకమ్మలు అడ్డుపడినా జరిగేది ఇదే. అటువంటివారు చెవిని పూర్తిగా లోపలికి తీసుకునే లోతైన, మెత్తని ప్యాడ్లున్నవే ఎంచుకోవాలి, కొనేముందు రోజూ పెట్టుకునే కళ్లజోడుతోనూ కమ్మలతోనూ పెట్టుకుని చూడాలి. కొబ్బరినూనె రాసుకునే తలలకు రెక్సిన్ ప్యాడ్లు తొందరగా పెచ్చులూడిపోతాయి, ఊడిన ప్యాడ్‌తో సీల్ పోయి శబ్దం పలచబడుతుంది. నూనె అలవాటు ఉన్నవారు గుడ్డ ప్యాడ్లు వాడడమో, ప్యాడ్లు విడిగా దొరికే మోడల్ కొనడమో మేలు.

ఇవి కాక ఫోన్ సెట్టింగులు ఉన్నాయి. ఐఫోన్‌లో పెద్ద శబ్దాలను తగ్గించే సెట్టింగు, శాంసంగ్ వంటి ఫోన్లలో మీడియా వాల్యూమ్ పరిమితి ఇంట్లో పిల్లలో పెద్దలో ఎప్పుడో ఆన్ చేసి మరిచిపోయి ఉంటారు. ఆపిల్ డాంగిల్‌ను కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకు పెడితే వాల్యూమ్ సంకేతాలు పొసగక శబ్దం సగం దగ్గరే ఆగిపోతుంది. ఆండ్రాయిడ్ వాడేవారు ఆండ్రాయిడ్‌తో సరిగ్గా పనిచేస్తుందని పరీక్షించిన వేరే డాంగిల్ తీసుకోవాలి. లోపల డాక్ లేని చవక కనెక్టర్లు చాలా ఫోన్లలో అసలు మోగనే మోగవు. ఇవన్నీ చూడకుండా "ఫోన్‌లో దమ్ము లేదు" అని తేల్చేయడం అన్యాయం.

శబ్దం తీరు నచ్చకపోతే యాంప్ కంటే ముందు ఈక్వలైజర్‌ను (బేస్, ట్రెబుల్ వంటివాటిని విడివిడిగా పెంచి తగ్గించే సెట్టింగును) వాడి చూడాలి. హెడ్‌ఫోన్ శబ్దంలో తేడా తెచ్చేది ప్రధానంగా దాని ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ (ఏ స్థాయి స్వరాన్ని ఎంత గట్టిగా పలికిస్తుందన్నది), సరైన యాంప్ దానిని ఏమీ మార్చకూడదు. ఈక్వలైజర్ మారుస్తుంది, పైగా ఖర్చు లేకుండా మారుస్తుంది. నేను మనస్ఫూర్తిగా సిఫారసు చేసే పెట్టె ఏదైనా ఉందంటే అది చొక్కాకు క్లిప్‌తో తగిలించుకునే చిన్న బ్లూటూత్ రిసీవర్. ఇష్టమైన వైరు హెడ్‌ఫోన్‌ను దానికి తగిలించి, ఫోన్‌ను హాల్లో చార్జింగ్‌కు వదిలి, వంటింట్లోకో పెరట్లోకో పోవచ్చు, వైరు తలుపు గడియకు చిక్కుకునే బాధ కూడా ఉండదు. క్యూడెలిక్స్ 5కే వంటి కొన్నిటిలో ఈక్వలైజర్ లోపలే ఉంటుంది.

అపోహ: ఎల్‌డాక్, హై-రెస్ లేకపోతే అసలు నాణ్యత రాదు.

ఎల్‌డాక్ అంటే బ్లూటూత్‌లో పాటను పంపే ఒక పద్ధతి. అది గరిష్ఠంగా సెకనుకు 990 కిలోబిట్ల వేగంతో పంపుతుంది, నిజమే. కానీ ఆ వేగం నిలవాలంటే ఫోన్ దగ్గరగా, అడ్డు లేకుండా ఉండాలి. రెండు గోడలు దాటగానే అది తగ్గిపోతుంది లేదా శబ్దం తెగుతుంది. ఐఫోన్‌లో ఎల్‌డాక్ లేనే లేదు, ఏఏసీ అనే మరో పద్ధతితోనే లక్షలమంది హాయిగా వింటున్నారు. హై-రెస్ అంటే సీడీని మించిన వివరంతో ఉండే డిజిటల్ ఆడియో. కానీ సీడీకి వాడే 44.1 కిలోహెర్ట్‌జ్, 16 బిట్ల స్థాయే మనిషి చెవి అందుకునే 20 కిలోహెర్ట్‌జ్‌ను పూర్తిగా పట్టుకుంటుంది, వయసుతోపాటు మన చెవి హద్దు అంతకంటే ఎంతో కిందికి జారుతుంది. ఘంటసాల గారి 1950ల నాటి మోనో రికార్డింగులు వినడానికి హై-రెస్ ప్లేయర్ కొంటానన్న పెద్దమనిషిని ఆపడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. ఆ టేపు మీద లేనిదానిని ఏ ప్లేయరూ తీసుకురాలేదు.

అపోహ: సమీక్షలో బ్లూటూత్ 15 మీటర్ల దాకా అందుతుందన్నారు కాబట్టి మా ఇంట్లోనూ అంతే వస్తుంది.

ఆ సమీక్షలు చాలావరకు అమెరికాలో, చెక్క చట్రానికి జిప్సమ్ పలకలు బిగించిన గోడల ఇళ్లలో చేసినవి. అక్కడి మన బంధువులు కొని పంపిన హెడ్‌ఫోన్ ఇక్కడ తొమ్మిది అంగుళాల ఇటుక గోడ, ఆర్‌సీసీ స్లాబు మధ్య అంత దూరం పోకపోవడం లోపం కాదు. బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగాలను నీళ్లున్న మన శరీరం కూడా అడ్డుకుంటుంది కాబట్టి, ఫోన్ వెనుక జేబులో ఉన్నప్పుడు తెగే శబ్దం ముందు జేబులోకి మార్చగానే నిలకడగా వస్తుంది.

అపోహ: నాయిస్ క్యాన్సిలింగ్ ఉంటే ఇల్లంతా నిశ్శబ్దం.

బోస్ కంపెనీ స్థాపకుడు అమర్ బోస్‌కు 1978లో జ్యూరిక్ నుంచి బోస్టన్ వెళ్లే విమానంలో ఈ ఆలోచన తట్టింది. విమానం హోరులాగా ఎడతెగకుండా ఉండే మంద్రస్థాయి శబ్దాన్ని, మన ఇంట్లో అయితే ఫ్యాను, ఏసీ, కూలర్ శబ్దాన్ని అది బాగా తీసేస్తుంది. కుక్కర్ విజిల్, పక్కింటి మాటలు దాటి వస్తాయి. ఇంట్లో చంటిపిల్లలో ముసలివారో ఉంటే అవి దాటి రావడమే మంచిది కూడా. ఓపెన్ బ్యాక్ (వెనుక భాగం తెరిచి ఉండి బయటి శబ్దం లోపలికి వచ్చే) హెడ్‌ఫోన్ కొనేవారు మాత్రం ఫ్యాను కింద కూర్చుని వింటారో లేదో ముందు ఆలోచించుకోవాలి.

వంద గంటలు మోగిస్తే శబ్దం మెరుగవుతుందన్న బర్న్-ఇన్ కథ, బంగారు పూత వైరుతో తీపి పెరుగుతుందన్న కథ, బ్యాలెన్స్‌డ్ పిన్ (రెండు చెవులకూ పూర్తిగా వేరువేరు తీగలుండే పిన్) ఉంటేనే స్టీరియో విడిపడుతుందన్న కథ, ఈ మూడిటికీ నా సమయం ఇవ్వను. బ్యాలెన్స్‌డ్‌తో సాధారణంగా వోల్టేజీ పెరుగుతుంది, పైన చెప్పిన లెక్కలో అది అవసరం లేనివారికి ఇదీ అవసరం లేదు.

అపోహ: బ్లూటూత్ రేడియేషన్ మెదడుకు ప్రమాదం.

ఈ ప్రశ్న అడిగేవారిని నేను ఎప్పుడూ తేలిగ్గా తీసుకోను, ఎందుకంటే అడిగేది ఎక్కువగా పిల్లల తల్లులు. క్లాస్ 2 బ్లూటూత్ పరికరం గరిష్ఠంగా పంపేది 2.5 మిల్లీవాట్లు, 4జీ ఫోన్ సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట దాదాపు 200 మిల్లీవాట్ల దాకా పంపుతుంది, దానిని మనం చెవికి ఆనించుకునే మాట్లాడతాం. ఇది అణువులను విడగొట్టే రకం రేడియేషన్ కూడా కాదు. ఆ తల్లులు భయపడవలసింది వాల్యూమ్ గురించి. పెద్దలకు వారానికి 40 గంటలపాటు 80 డెసిబెల్స్, పిల్లలకు అదే 40 గంటలకు 75 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ సురక్షితంగా వినగలిగే సమయం సగానికి తగ్గుతుంది, అంటే 83 దగ్గర పెద్దలకు మిగిలేది 20 గంటలే. పిల్లలవని అమ్మే హెడ్‌ఫోన్ల మీద చాలావరకు 85 డెసిబెల్స్ పరిమితి అని రాసి ఉంటుంది, అది పిల్లలకు రోజంతా సరిపోయే హద్దు కాదు కాబట్టి ఫోన్‌లో కూడా పరిమితి పెట్టి, దానికి పాస్‌వర్డ్ వేయండి. విన్న తరువాత చెవిలో గుయ్‌మనే శబ్దం మరునాటికి కూడా పోలేదని చెప్పేవారికి నేను ఆ రోజు ఏమీ అమ్మను, కోఠీలోనే ఉన్న ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రికి వెళ్లి వినికిడి పరీక్ష చేయించుకుని రమ్మంటాను.