గడ్డికి కౌలు: అమెరికా దారి మళ్లింది 2007లో

సరిగా పండని నేలను దున్నకుండా గడ్డి వేసి వదిలేస్తే ప్రభుత్వం రైతుకు ఏటా ఎకరానికి ఇంత అని కౌలు కట్టే పథకం అమెరికాలో మళ్లీ వివాదంలో పడింది. పేరు కన్జర్వేషన్ రిజర్వ్ ప్రోగ్రామ్. అందరూ సీఆర్‌పీ అనే అంటారు. 2025 జులైలో వచ్చిన పెద్ద బడ్జెట్ చట్టం మిగతా ముఖ్యమైన భూసంరక్షణ పథకాలకు 2031 దాకా డబ్బు చూపించి, దీన్ని మాత్రం పక్కన పెట్టింది. సెప్టెంబరు 30తో అనుమతి తీరిపోయి కొత్త ఒప్పందాలు ఆగిపోయాయి. నవంబరులో ప్రభుత్వ ఖర్చుల బిల్లుకు జతచేసి 2026 సెప్టెంబరు 30 దాకా పొడిగించారు. నిజానికి దీని వెనకున్న వ్యవసాయ చట్టం 2018 నాటిది. అది 2023లోనే కాలం చెల్లి, అప్పటి నుంచి పొడిగింపుల మీద నడుస్తోంది.

1930ల దుమ్ము తుపాన్లు, భూమిని సాగు చేయకుండా ఆపినందుకు రైతుకు డబ్బిచ్చిన 1956 నాటి సాయిల్ బ్యాంక్ పథకం, సీఆర్‌పీని మొదలుపెట్టిన చట్టంపై 1985 డిసెంబరులో అధ్యక్షుడు రీగన్ సంతకం తరచూ చెప్పుకునే సంగతులే. ఇప్పటి తగవు మూలం మాత్రం 2006, 2008 మధ్య ఉంది.

అప్పటికి పథకం మంచి ఊపు మీదుంది. 2007లో 3.68 కోట్ల ఎకరాలు గడ్డి కింద ఉన్నాయి. అంతకు ముందు అంత లేదు, ఆ తర్వాతా లేదు. చిక్కల్లా గడువులతోనే. పది, పదిహేనేళ్ల ఒప్పందాలన్నీ దాదాపు ఒకే కాలంలో రాసుకున్నవి కావడంతో 2007 నుంచి 2010 లోపు 2.8 కోట్ల ఎకరాల గడువు తీరబోతోంది. అందులో 1.6 కోట్లు ఒక్క 2007 సెప్టెంబరులోనే. అంత భూమిని ఒకేసారి కొత్తగా పరిశీలించి ఒప్పందాలు రాయడం కష్టమని వ్యవసాయ శాఖ 2006లో ఒక ఉపాయం పన్నింది. నేల కోత, నీటి నాణ్యత, వన్యప్రాణుల లెక్కన ప్రతి భూమికీ ఉన్న మార్కులను బట్టి ఐదు వరుసలు చేసింది. పై వరుసకు మళ్లీ 10 నుంచి 15 ఏళ్ల ఒప్పందం. మిగిలిన నాలుగింటికి వరుసగా ఐదు, నాలుగు, మూడు, రెండేళ్ల పొడిగింపు. ఎక్కువమంది రైతులు సరేనన్నారు. కాగితం మీద చక్కటి ఏర్పాటే.

ఆ పొట్టి పొడిగింపులు ఎప్పుడు తీరతాయో చూడండి. 2007లో ముగియాల్సినవి 2009 నుంచి 2012 మధ్య ముగుస్తాయి. సరిగ్గా ఆ ఏళ్లలోనే మొక్కజొన్న ధర ఆకాశానికెక్కింది.

ఎక్కడం కూడా దానంతటది ఎక్కలేదు. 2007 డిసెంబరులో బుష్ సంతకం చేసిన ఇంధన చట్టం 2015 నాటికి ఏటా 1,500 కోట్ల గ్యాలన్ల దాకా మామూలు జీవ ఇంధనం పెట్రోలులో కలపాలంది. ఆచరణలో అది మొక్కజొన్న ఇథనాలే. ఆరు నెలలు తిరక్కుండా 2008 జూన్‌లో అదే కాంగ్రెస్, అంటే అమెరికా చట్టసభ, కొత్త వ్యవసాయ చట్టం తెచ్చి సీఆర్‌పీ గరిష్ఠ పరిమితిని 3.92 కోట్ల ఎకరాల నుంచి 3.2 కోట్లకు కోసింది. ఇటు పైరుకు గిరాకీ పెంచి, అటు బీడుకు చోటు తగ్గించడం కాకతాళీయమని నమ్మడం కష్టం. పైగా జీవ ఇంధనాలకు ధాన్యం కావాలంటూ 2007, 2008లో సాధారణ నమోదు, అంటే కొత్త భూములను పెద్దఎత్తున పథకంలో చేర్చుకోవడం, ఉండదని వ్యవసాయ శాఖ ముందే ప్రకటించింది. 2006 వసంతం తర్వాత ఆ తలుపు మళ్లీ తెరుచుకున్నది 2010 ఆగస్టులో.

ఆ నాలుగేళ్లలో గడువు తీరిన రైతు ఏం చేస్తాడు? 2006 మొదట్లో బుషెల్, అంటే సుమారు 25 కిలోలు, రెండు డాలర్ల చుట్టూ ఉన్న మొక్కజొన్న 2012 కరువులో ఎనిమిది డాలర్లు దాటింది. సీఆర్‌పీ సగటు కౌలు ఎకరానికి 50 డాలర్ల దగ్గరే ఉంది. మళ్లీ చేరదామన్నా 2010 దాకా సాధారణ నమోదు లేదు. గడ్డికి మందు కొట్టి చంపి విత్తనం వేశాడు. అతన్ని తప్పుపట్టడానికేమీ లేదు. 2006లో 7.83 కోట్ల ఎకరాల్లో వేసిన మొక్కజొన్న మరుసటి ఏడే 9.35 కోట్లకు చేరింది. ఉత్తర, దక్షిణ డకోటా, నెబ్రాస్కా, మినసోటా, అయోవా రాష్ట్రాల్లో 2006, 2011 మధ్య 13 లక్షల ఎకరాలకు పైగా గడ్డినేల మొక్కజొన్న, సోయా కిందకు పోయిందని ఉపగ్రహ చిత్రాలతో చేసిన అధ్యయనం ఒకటి 2013లో వచ్చింది. అదంతా సీఆర్‌పీ భూమి కాదు, నిజమే. కానీ బాతులు గుడ్లు పెట్టే చిన్న చిన్న గుంటల చుట్టూ ఉన్న గడ్డి ఎక్కువగా పోయింది అక్కడే.

ధాన్యం వ్యాపారుల, పశుపోషకుల వాదన వేరు. సరఫరా ఎక్కువైనప్పుడు భూమిని ఆపడానికే ఈ పథకం పుట్టిందనీ, కొరత వస్తే వదలడం అందులో భాగమేననీ అంటారు. కొంత నిజం లేకపోలేదు. 1987 ఫిబ్రవరి నమోదులో మొక్కజొన్న భూమిని రప్పించడానికి బుషెల్‌కు రెండు డాలర్ల లెక్కన ఒకసారి బోనస్ ఇచ్చారు. నేల కోత ఆపడానికైతే ఆ పైరుకే బోనస్ ఎందుకు? అయితే 1990 చట్టం తర్వాత భూమిని మార్కుల ప్రకారం ఎంచుకోవడం మొదలైంది, ఆ పాత లక్ష్యం వెనక్కి తగ్గింది. 2007లో జరిగింది దాన్ని మళ్లీ ముందుకు లాగడమే. 2008 జులైలో గడువుకు ముందే జరిమానా లేకుండా బయటికి వదలమని ఒత్తిడి వస్తే అప్పటి వ్యవసాయ మంత్రి ఎడ్ షాఫర్ ఒప్పుకోలేదు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం వచ్చినప్పుడు ఆనాటి వ్యవసాయ మంత్రి టామ్ విల్సాక్ ఒప్పుకున్నారు, చివరి ఏడాదిలో ఉన్న ఒప్పందాల వరకే.

2014 చట్టం పరిమితిని మెట్లు మెట్లుగా 2.4 కోట్లకు దించింది. అప్పటికి ధరలు పడిపోతున్నాయి, రైతులు వరస కట్టారు, చోటు లేదు. 2018లో పరిమితిని మెట్లు మెట్లుగా 2.7 కోట్లకు పెంచేలా చట్టం చేశారు గానీ దానికో మెలిక పెట్టారు. సాధారణ నమోదులో కౌలు జిల్లా సగటులో 85 శాతానికి మించరాదు. ప్రభుత్వం అంత కౌలు ఇస్తుంటే కొత్తగా సేద్యం మొదలుపెట్టే కుర్రాళ్లకు భూమి దొరకదన్నది దానికి చెప్పిన కారణం. ఈ మాట ఇప్పుడూ వినిపిస్తోంది. మొత్తం పొలాలను గడ్డికి వదిలేసిన చోట విత్తనాల షాపులు మూతపడ్డాయనీ అంటారు. ఏ జిల్లాలోనూ పంటభూమిలో నాలుగో వంతుకు మించి చేర్చరాదన్న నియమం మొదటి నుంచీ ఉన్నదే. కొత్త రైతుకు భూమి అప్పగించే యజమానికి అదనంగా రెండేళ్ల కౌలు ఇచ్చే ఏర్పాటు 2008 చట్టంలోనే ఉంది. వీటి ఊసు ఈ వాదనల్లో పెద్దగా రాదు.

కౌలు తగ్గించిన ఫలితం 2021లో కనిపించింది. ఆ ఏటి పరిమితి 2.5 కోట్లయితే చేరిన భూమి 2.1 కోట్ల దగ్గరే ఆగింది. ప్రోత్సాహకాలు పెంచాక అంకె మళ్లీ లేచింది. ఇక్కడొక మతలబు ఉంది. ఇప్పుడు చెబుతున్న మొత్తంలో మూడో వంతుకు పైనే పశువులు మేసే గడ్డినేల. అది ముందు నుంచీ గడ్డే, దాని కౌలు చాలా తక్కువ. 2007లో లెక్కకు వచ్చింది దున్నడం ఆపిన పంటభూమి. రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి పథకం కోలుకుందనడం సరికాదు.

పరిమితి లోపల 2025 నమోదుకు మిగిలింది 18 లక్షల ఎకరాలేనని వ్యవసాయ శాఖే చెప్పింది. ఒక మనిషికి ఏటా 50,000 డాలర్ల కౌలు పరిమితి 1985 నుంచి మారలేదు. సీఆర్‌పీ ఒప్పందాలు తీరేదీ, చట్టం పొడిగింపు తీరేదీ ఒకే రోజు, సెప్టెంబరు 30. కాన్సస్ లాంటి చోట్ల శీతాకాలపు గోధుమ విత్తే రోజులూ అవే. కాంగ్రెస్ ఏ సంగతీ తేల్చకుండా ఆ తేదీ దాటిస్తే, గడువు తీరిన పొలం యజమాని మరో పొడిగింపు బిల్లు కోసం ఎదురుచూడడు. గడ్డి మళ్లీ వేయాలంటే నిలదొక్కుకోవడానికే రెండు మూడేళ్లు పడుతుంది, ఆ విత్తనం ఖర్చులో సగం ప్రభుత్వమే భరించాలి.