రెండు బొమ్మల నడుమ

వినాయక చవితి పందిరి ముందు కట్టే లైటింగు చూసే ఉంటారు. బల్బుల వరస మీద వెలుగు ఈ కొస నుంచి ఆ కొసకి పరుగెత్తుతూ ఉంటుంది. ఈసారి ఒక్క బల్బు మీదే చూపు నిలిపి చూడండి. అది వెలుగుతుంది, ఆరుతుంది. ఉన్నచోటు నుంచి వెంట్రుకవాసి కూడా కదలదు. పక్క బల్బూ అంతే. పరుగు బల్బులో లేదు, తీగలో లేదు. చూస్తున్న మన మెదడులో ఉంది.

యానిమేషన్ అనే విద్య అంతా ఈ సంగతి మీదే నిలబడింది. కదలని బొమ్మలను వరసగా చూపిస్తే, కదలికను మనమే పుట్టించుకుంటాం. దీనికి చిన్నప్పుడు మనకు చెప్పిన కారణం ఒకటుంది. చూసిన బొమ్మ కంటిలో క్షణకాలం నిలిచిపోతుందని, ఆలోగా తర్వాతి బొమ్మ వచ్చి దానితో కలిసిపోతుందని. అందులో సగమే నిజం. దీపావళికి కాకరపువ్వొత్తిని గిరగిరా తిప్పితే నిప్పు చక్రం కనిపిస్తుంది కదా, అది కంటిలో వెలుగు నిలవడం వల్లే. కానీ అక్కడ మనం చూసేది ఒక చక్రాన్ని, నిప్పురవ్వ తిరగడాన్ని కాదు. సినిమా బొమ్మలూ అలాగే కంటిలో నిలిచిపోతే ఎగిరే బంతి కనిపించదు, బంతుల దండ కనిపిస్తుంది.

అసలు కారణం వైపు దారి చూపినవాడు మాక్స్ వెర్ట్‌హైమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ప్రయోగాలు చేసి 1912లో ఫలితాలు ప్రచురించాడు. ప్రయోగం చాలా చిన్నది. రెండు గీతలను ఒకదాని తర్వాత ఒకటి చూపడం, నడుమ వ్యవధిని మారుస్తూ పోవడం. ఆ వ్యవధి సెకనులో ఐదో వంతు ఉంటే ముందు ఇది, తర్వాత అది అని విడివిడిగా కనిపించాయి. ముప్ఫయ్యో వంతుకు తగ్గిస్తే రెండూ ఒకేసారి వెలిగినట్టున్నాయి. ఈ రెంటికీ మధ్య, సుమారు పదహారో వంతు దగ్గర, ఒకే గీత ఇక్కడి నుంచి అక్కడికి జరిగినట్టు కనిపించింది. జరిగిన గీత అంటూ ఏదీ లేదు. ఇందాక ఇక్కడున్నదే ఇప్పుడు అక్కడుంది అని మెదడు తీర్మానించుకుంది, దారిని తానే పూరించుకుంది.

సినిమాకు సెకనుకు 24 ఫ్రేములనే లెక్క 1920ల చివర్లో, మాటల సినిమాలతో స్థిరపడింది. రీళ్ళ ప్రొజెక్టర్లలో ఒక్కో ఫ్రేమును రెండు మూడుసార్లు మెరిపిస్తారు. 24 మెరుపులే అయితే తెర మినుకుమినుకుమంటుంది, 48 అయితే ఆ మినుకు దాదాపు తెలియదు. మినుకు పోవడం కంటికి సంబంధించింది, కదలిక పుట్టడం మెదడుకు సంబంధించింది. ఈ రెంటినీ ఒకటిగా కలిపేయడం వల్లే ఆ పాత వివరణ అన్నేళ్ళు నిలిచింది.

కెమెరాతో తీసిన సినిమా కన్నా గీసిన బొమ్మల ప్రదర్శనే ముందు తెరకెక్కిందని చాలామందికి తెలియదు. 1892లో పారిస్‌లో ఎమీల్ రేనో తన చేత్తో రంగులు వేసిన వందలాది బొమ్మలను పట్టీగా కూర్చి, అద్దాలతో, దీపంతో తెర మీద ఆడించాడు. కెమెరాతో తీసిన సినిమాలతో లూమియేర్ సోదరుల ప్రసిద్ధ ప్రదర్శన జరిగింది ఆ తర్వాత మూడేళ్ళకు, 1895 డిసెంబరులో. సినిమా వచ్చాక రేనోను చూసేవాళ్ళు లేకపోయారు. చివరికి ఆయన తన పట్టీలను చాలావరకు సెయిన్ నదిలో పారేశాడు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

ఇప్పుడు అసలు విషయానికి, బంతి దగ్గరికి వద్దాం.

స్కూల్లో ఉండగా లెక్కల నోటుబుక్కు మూలల్లో పేజీకొకటి చొప్పున బంతి గీశాను. పైనుంచి కిందికి, ఒక్కో పేజీకి సమానమైన దూరం, స్కేలు పెట్టి మరీ. బొటనవేలితో పేజీలు జరజరా వదిలితే బంతి కదిలింది. కానీ పడలేదు. బావిలోకి చేద దింపుతున్నట్టు నిదానంగా, ఒకే తీరున దిగింది. తప్పు స్కేలుదే అని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

నిజంగా పడే బంతి ఏం చేస్తుందో లెక్క చూద్దాం. గది తలుపంత ఎత్తు నుంచి, అంటే సుమారు 2 మీటర్ల పైనుంచి వదిలితే నేలను తాకడానికి దాదాపు 15 ఫ్రేముల కాలం పడుతుంది. మొదటి ఫ్రేములో అది దిగేది 8 మిల్లీమీటర్లకు కాస్త పైన, అంతే. రెండోదాంట్లో దానికి మూడింతలు. మూడోదాంట్లో అయిదింతలు, తర్వాత ఏడింతలు. ఇలా బేసి సంఖ్యల్లో పెరుగుతుందని కనిపెట్టింది గెలీలియో. పదిహేనో ఫ్రేముకు వచ్చేసరికి ఆ ఒక్క ఫ్రేములోనే దాదాపు 25 సెంటీమీటర్లు దూకుతుంది. బొమ్మలు దగ్గరదగ్గరగా గీస్తే నెమ్మది, ఎడంగా గీస్తే వేగం. ఈ ఎడాన్ని యానిమేటర్లు స్పేసింగ్ అంటారు. బంతి ఎంత అందంగా గీశామన్నది తర్వాతి మాట. బరువు, వేగం, అలసట, ఉలికిపాటు అన్నీ ఈ ఎడాల్లోంచే పుడతాయి. అదే బంతిని అంతే అందంగా గీసి ఎడాలు మారిస్తే ఇనపగుండు అవుతుంది, లేదా సబ్బు బుడగ అవుతుంది.

ఇక్కడ ఇంకో చిక్కుంది. టెన్నిస్ బంతి అడ్డుకొలత 7 సెంటీమీటర్ల లోపే. అది ఒక ఫ్రేములో 25 సెంటీమీటర్లు దూకితే రెండు బొమ్మల నడుమ ఇంకో రెండు బంతులు పట్టే ఖాళీ మిగులుతుంది. ఇది ఆ బంతేనా, ఇంకోటా అని మెదడు తడబడుతుంది. కెమెరాతో తీస్తే ఈ ఇబ్బంది రాదు. షట్టరు తెరిచి ఉన్నంతసేపూ బంతి కదులుతూనే ఉంటుంది కాబట్టి ఫ్రేములో అది అలికినట్టు సాగి పడుతుంది. గీసిన బొమ్మకు ఆ అలుకుడు లేదు, ప్రతి బొమ్మా చెక్కినట్టు స్పష్టంగా ఉంటుంది. అందుకని వేగంగా పడే బంతిని కోలగా సాగదీసి గీస్తారు, నేలను తాకగానే అప్పచ్చిలా నొక్కుతారు. పొడవు పెరిగితే వెడల్పు తగ్గాలి. లేకపోతే పడుతున్న బంతిలోకి ఎవరో గాలి ఊదుతున్నట్టుంటుంది. పిల్లల కార్టూన్లలో సాగే ఒళ్ళు చూసి నవ్వుకుంటాం గానీ, దాని వెనక కంటికి సంబంధించిన ఇంత లెక్క ఉంది.

తొంభై నిమిషాల సినిమాకు 1,29,600 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపినా 64,800 బొమ్మలు. ఈ భారాన్ని పంచుకోవడానికే స్టూడియోల పద్ధతులు పుట్టాయి. చెయ్యి తిరిగిన కళాకారుడు ముఖ్యమైన భంగిమలు గీస్తాడు, వాటిని కీ డ్రాయింగులంటారు. నడుమ వచ్చేవి సహాయకులు గీస్తారు. 1914లో అమెరికాలో ఎర్ల్ హర్డ్ పేటెంటుకు దరఖాస్తు చేసిన సెల్ పద్ధతి ఇంకో పెద్ద మేలు చేసింది. పాత్రను పారదర్శకమైన సెల్యులాయిడ్ షీటు మీద వేసి, కింద ఒకే దృశ్యచిత్రం పరిస్తే చాలు. ప్రతి ఫ్రేముకూ మళ్ళీ చెట్లూ కొండలూ గీయక్కర్లేదు. 1960లలో జపాన్ టీవీ స్టూడియోలు బొమ్మల సంఖ్యను ఇంకా తగ్గించి, మూడేసి ఫ్రేములకు ఒక్కటితోనే వారం వారం కథలు నడిపాయి.

గీయకుండానూ చెయ్యొచ్చు. మన దేశంలో దాదాసాహెబ్ ఫాల్కే 1915 ప్రాంతంలోనే అగ్గిపుల్లలను కొంచెం కొంచెం జరుపుతూ, జరిపినప్పుడల్లా ఒక్కో ఫ్రేము తీసి ఆడించాడు. దీన్నే స్టాప్ మోషన్ అంటారు. 1933 నాటి కింగ్ కాంగ్ సినిమాలో కోతి ఒంటి మీద బొచ్చు అదేపనిగా రేగుతూ ఉంటుంది. ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య బొమ్మను జరిపిన వేళ్ళ జాడలవి.

జర్మనీకి చెందిన లోటె రైనిగర్ నల్ల అట్టను కత్తిరించి, కీళ్ళ దగ్గర తీగతో ముడివేసి, కింద దీపం పెట్టిన గాజు మీద పరిచి, పైనుంచి ఫ్రేము ఫ్రేముగా తీసి 1926లో నిండు నిడివి చిత్రమే విడుదల చేసింది. ఆ బొమ్మలు చూస్తే మన తోలుబొమ్మలే గుర్తొస్తాయి. నిమ్మలకుంటలో ఇప్పటికీ చేసే తోలుబొమ్మకూ భుజం, మోచెయ్యి, మోకాలు విడివిడి ముక్కలే, దారంతో కుట్టినవే. తేడా ఒకటే. తోలుబొమ్మ ఆడేటప్పుడు కదలిక నిజంగా జరుగుతుంది, రైనిగర్ బొమ్మ కదలిక ప్రేక్షకుడి తలలో జరుగుతుంది. ఇవాళ కంప్యూటరులో పాత్రకు ముందుగా కట్టే ఎముకల గూడు, రిగ్, ఈ కీళ్ళ బొమ్మకు వారసురాలే.

కంప్యూటరు నడిమి బొమ్మలు తానే గీసిపెడుతుంది కదా, ఇంకేం పని అనిపించవచ్చు. రెండు కీ భంగిమలిచ్చి వదిలేస్తే కొన్నిసార్లు అది చేసేది నా స్కేలు చేసిన పనే. సమాన దూరాలు, చేద దిగినట్టు. అందుకే యానిమేటర్లు గంటల తరబడి కూర్చుని వేగాన్ని చూపే గ్రాఫు గీతలను వంచుతారు.

2012లో వచ్చిన రాజమౌళి 'ఈగ' ఈ కష్టానికి మంచి ఉదాహరణ. హైదరాబాద్‌లోని మకుట సంస్థ తీర్చిన ఆ కథానాయకుడికి మాటల్లేవు. కోపమూ ప్రేమా ముందుకాళ్ళ కదలికలోనూ, తల తిప్పే తీరులోనూ, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగడంలోనూ పలకాలి. మాటల్లేని పురుగుతో థియేటరు నిండా ఈలలు వేయించడం చిన్న విషయం కాదు. పైగా రెక్కలు. ఈగ సెకనుకు సుమారు 200 సార్లు రెక్కలు కొడుతుంది. అంటే ఒక్క ఫ్రేము గడిచేలోగా ఎనిమిది సార్లు. రెక్క ఇక్కడుందని చూపగల ఫ్రేమే ఉండదు. పొగమంచులాంటి అలుకుడు ఒక్కటే దారి.

ఇంకో సంగతి. మెరుపులు సెకనుకు అరవై దాటితే మన కంటికి అది నిలకడైన వెలుగు. ఈగ కన్ను రెండు వందల మెరుపులను కూడా విడివిడిగా పట్టుకోగలదు. మనమంతా ఊపిరి బిగబట్టి చూస్తున్నప్పుడు నిజం ఈగ ఒకటి వచ్చి ఆ థియేటరు గోడ మీద వాలితే, దానికి తెర మీద ఎగిరే ఈగ కనిపించదు. ఒకటి తీసి ఇంకోటి పెడుతున్న ఫోటోలు కనిపిస్తాయి.