నాణెం వేస్తే ఆడే పాత యంత్రాలు: అపోహలు, వాస్తవాలు

శాన్‌ఫ్రాన్సిస్కో తీరంలో పియర్ 45 మీద ముజే మెకానిక్ అనే మ్యూజియం ఉంది. అందులో నాణెం వేస్తే ఆడే పాత వినోద యంత్రాలు 300కి పైగా ఉన్నాయి.

అపోహ: మ్యూజియం మొదట్నుంచీ ఈ రేవులోనే ఉంది.

వాస్తవం: ఎడ్వర్డ్ గాలండ్ జెలిన్‌స్కీ సేకరించిన యంత్రాలివి. అవి ఉన్న ప్లేలాండ్ అనే వినోద పార్కు 1972లో మూతపడ్డాక, క్లిఫ్ హౌస్ అనే రెస్టారెంట్ భవనం కింది అంతస్తులో ఉండేవి. ఇక్కడికి వచ్చింది 2002లోనే.

అపోహ: పాత వస్తువుల్ని అద్దాల వెనక దాచాలి, ఎవర్నీ ముట్టుకోనివ్వకూడదు.

వాస్తవం: ఆడకుండా ఉంచితేనే ఎక్కువ పాడవుతాయి. గ్రీజు గట్టిపడుతుంది, బెల్టు ఒకే వంపులో బిగుసుకుపోతుంది, ఉప్పుగాలికి కరెంటు కాంటాక్టుల మీద పొర కడుతుంది. ఇక్కడ ప్రవేశం ఉచితం, ఆట మాత్రం డబ్బుకే. వచ్చినవాళ్లు నాణేలు వేసి ఆడించడం యంత్రాలకూ మేలే.

అపోహ: పెన్నీ (అమెరికా ఒక సెంటు నాణెం) ఏదైనా ఒకటే, పాత యంత్రంలో కొత్తది వేసినా పనిచేస్తుంది.

వాస్తవం: చాలామంది తికమకపడేది ఇక్కడే. అమెరికా పెన్నీ వ్యాసం అప్పుడూ ఇప్పుడూ 19.05 మిల్లీమీటర్లే. బరువు మాత్రం మారింది. 1982లో రాగి మిశ్రమం పోయి, రాగి పూత పూసిన జింకు వచ్చింది. 3.11 గ్రాముల బిళ్ల 2.5 గ్రాములకు తగ్గింది. నాణెం బరువుకు దిగే మీటను పాత బరువుకు సరిచేసి ఉంటే, అది కొత్త నాణేనికి సగం దాకా దిగి ఆగిపోవచ్చు. అప్పుడు మీటను వంచకండి, వంచితే మళ్లీ పాత స్థితికి రాదు. రెండో వైపున్న ఎదురు బరువును కొద్దికొద్దిగా తగ్గిస్తూ, ప్రతిసారీ అసలు నాణెం వేసి చూడండి. తీసిన ముక్కను డబ్బాలోనే భద్రపరచండి, రేపు ఎవరైనా పాత నాణేలతోనే ఆడించాలనుకోవచ్చు.

అపోహ: నాణెం ఇరుక్కుంటే నాలుగు చుక్కల నూనె పోస్తే సరి.

వాస్తవం: ఈ రంగంలో ఇంతకన్నా చెడ్డ సలహా లేదు. నూనె దుమ్మును పట్టి జిగురవుతుంది, తర్వాతి నాణెం అక్కడే అతుక్కుంటుంది. ముందు ప్లగ్ తీయండి. నాణెం జారే గాడిని స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక చిటికెడు గ్రాఫైట్ పొడి రాయండి. నూనె తిరిగే ఇరుసులకే, అదీ ఒకటి రెండు చుక్కలే. కాంటాక్టులకు గరుకు కాగితం వద్దు, స్పిరిట్‌లో తడిపిన దళసరి కాగితం చాలు.

అపోహ: మ్యూటోస్కోప్ అనే కదిలే బొమ్మల పెట్టెలో ఉండేది సినిమా రీలు.

వాస్తవం: హెర్మన్ కాస్లర్‌కు 1895లో పేటెంట్ వచ్చిన ఈ పెట్టెలో, చక్రం చుట్టూ సుమారు 850 ఫొటో కార్డులుంటాయి. పిడి తిప్పుతుంటే ఒక్కో కార్డు కొక్కేనికి తగిలి, వంగి, జారి, బొమ్మ కదులుతున్నట్టు కనిపిస్తుంది.