యూరప్ క్లౌడ్‌లో ఫైళ్లు దాచుకునేవారికి: కొన్ని అపోహలు, వాస్తవాలు

నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ పట్టణాల్లోని ఆడిటర్ల కార్యాలయాలకు, చిన్న ఆసుపత్రులకు, పెళ్లి ఫొటోలు తీసే స్టూడియోలకు కంప్యూటర్లు, ఫైళ్ల నిల్వ చూసిపెట్టడం నా వృత్తి. "సార్, మా ఫైళ్లు యూరప్ కంపెనీ దగ్గర పెడితే భద్రమేనా?" అన్న ప్రశ్న ఈ మధ్య తరచుగా ఎదురవుతోంది. ఆ ప్రశ్న వెనుక ఉన్న భయం సబబైనదే. ఒక రైస్ మిల్లు యజమాని పాన్ కార్డు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, భాగస్వామ్య ఒప్పందం, పట్టాదారు పాస్‌బుక్ ప్రతి అన్నీ ఆడిటర్ దగ్గర ఒకే ఫోల్డర్‌లో ఉంటాయి. అది పరాయివారి చేతికి చిక్కితే నష్టపోయేది నమ్మి కాగితాలు ఇచ్చిన మనిషి. అందుకే సేవను ఎంచుకునే ముందు తొలగించుకోవలసిన కొన్ని అపోహల గురించి రాస్తున్నాను.

అపోహ: సర్వర్ యూరప్‌లో ఉంటే మన ఫైళ్లను ఎవరూ చూడలేరు.

వాస్తవం: యూరోపియన్ యూనియన్ వారి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం జీడీపీఆర్ 2018 మే 25 నుంచి అమల్లో ఉంది. యూనియన్‌లో నెలకొన్న కంపెనీ దగ్గర మనం ఖాతా తెరిస్తే, మనం నల్గొండలో ఉన్నా ఆ చట్టం మన సమాచారానికీ వర్తిస్తుంది. ఇది నిజంగా విలువైన రక్షణ. అయితే ఆ చట్టం కంపెనీ ఏం చేయకూడదో చెబుతుందే తప్ప, ఫైలును చూసే శక్తిని కంపెనీ నుంచి తీసివేయదు. ఆ శక్తి ఎన్‌క్రిప్షన్ (ఫైలును ఇతరులు చదవలేని గుప్త రూపంలోకి మార్చడం) తాళంచెవి ఎవరి దగ్గరుంది అన్నదానిపై ఆధారపడుతుంది.

మిర్యాలగూడలో వడ్ల బస్తాలు గోదాములో పెట్టినవారికి ఈ తేడా సులభంగా అర్థమవుతుంది. గోదాముకు గట్టి తాళమే ఉంటుంది, కాని చెవి గోదాము యజమాని దగ్గర ఉంటుంది. గూగుల్ డ్రైవ్, డ్రాప్‌బాక్స్ వంటి సేవల మామూలు ఖాతాల్లో జరిగేది ఇదే. ఫైళ్లు ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటాయి, చెవి మాత్రం కంపెనీదే. అలా కాకుండా మన పెట్టెకు మనమే ఇంటి దగ్గర తాళం వేసి, చెవి జేబులో పెట్టుకుని, పెట్టెను మాత్రమే గోదాముకు పంపే పద్ధతిని ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ అంటారు. ఫైలు మన ఫోనులోనో కంప్యూటర్‌లోనో గుప్తంగా మారిన తరువాతే బయలుదేరుతుంది.

సర్వర్ ఎక్కడుందన్నదానితో పాటు కంపెనీ ఏ దేశానిదో కూడా చూడాలి. అమెరికాలో 2018 మార్చిలో వచ్చిన క్లౌడ్ యాక్ట్ అనే చట్టం ప్రకారం, అక్కడి న్యాయ పరిధిలోకి వచ్చే కంపెనీ తన అధీనంలో ఉన్న సమాచారాన్ని, అది జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ సర్వర్‌లో ఉన్నా సరే, చట్టబద్ధమైన ఉత్తర్వు వస్తే ఇవ్వవలసి ఉంటుంది. కాబట్టి అమెరికా కంపెనీ వారి "యూరప్ ప్రాంతం" అన్న మాటను చూసి తృప్తి పడకూడదు.

అపోహ: స్విస్ సేవలన్నీ, యూరప్ సేవలన్నీ ఒకే రకం.

వాస్తవం: ముందుగా, స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో సభ్యదేశం కాదు. దానికి సొంత సమాచార రక్షణ చట్టం ఉంది. సవరించిన రూపం 2023 సెప్టెంబర్ 1న అమల్లోకి వచ్చింది. ఇక సేవల విషయానికొస్తే, జెనీవాకు చెందిన ప్రోటాన్ డ్రైవ్ ఫైళ్లతో పాటు వాటి పేర్లను కూడా ఎండ్ టు ఎండ్ పద్ధతిలోనే గుప్తపరుస్తుంది. జర్మనీ వారి ఫైలెన్, బుడాపెస్ట్‌లో పుట్టి 2021లో స్విస్ పోస్ట్ చేతికి వెళ్లిన ట్రెసోరిట్ కూడా ఇదే తరహావి. అదే స్విట్జర్లాండ్‌కు చెందిన పీక్లౌడ్‌లో మాత్రం, విడిగా ఎంచుకునే క్రిప్టో ఫోల్డర్‌లో వేసిన ఫైళ్లకే ఆ రక్షణ ఉంటుంది. పైగా ఖాతా తెరిచేటప్పుడు అమెరికా, యూరప్ ప్రాంతాల్లో దేనిని ఎంచుకున్నామో గమనించుకోవాలి. స్లొవేనియా వారి కూఫర్‌లో వాల్ట్ అనే విభాగానికే ఈ పద్ధతి వర్తిస్తుంది. నార్వే వారి జొట్టాక్లౌడ్‌లో చెవి కంపెనీ దగ్గరే ఉంటుంది.

ప్రకటనలోని మాటలను నమ్మడం కంటే నేను చేసే చిన్న పరీక్ష ఒకటుంది. ఉచిత ఖాతా తెరిచి, పనికిరాని ఒక ఫైలును అందులో పెడతాను. తరువాత ఆ ఖాతా ఎప్పుడూ తెరవని వేరే కంప్యూటర్‌కు వెళ్లి, "పాస్‌వర్డ్ మరచిపోయాను" అన్నదాన్ని నొక్కి, ఈమెయిల్‌కు వచ్చిన లింకుతో కొత్త పాస్‌వర్డ్ పెడతాను. రికవరీ పదాలేవీ (పాస్‌వర్డ్ పోతే ఫైళ్లు తెరవడానికి ముందే మనకు ఇచ్చే పదాలు) అడగకుండానే పాత ఫైలు తెరుచుకుంటే, దాని చెవి కంపెనీ దగ్గర ఉన్నట్టే.

ఎండ్ టు ఎండ్ అని రాసి ఉన్నంత మాత్రాన లోపాలు ఉండవని కూడా అనుకోకూడదు. 2024లో జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇటువంటి ఐదు సేవలను పరిశీలించి, సర్వర్ శత్రువు చేతిలో పడితే ఏమవుతుందో చూసినప్పుడు చాలావాటిలో తీవ్రమైన లోపాలు బయటపడ్డాయి. యాప్ సోర్స్ కోడ్ (యాప్‌ను తయారుచేసిన ప్రోగ్రామ్ రాత) బహిరంగంగా ఉందా, బయటివారితో తనిఖీ చేయించి ఆ నివేదికను ప్రచురించారా అని నేను అడగడానికి కారణం ఇదే.

సేవ మార్చడం ఇష్టం లేనివారికి మరో దారి ఉంది. జర్మనీలో తయారయ్యే క్రిప్టోమేటర్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్‌తో ఫైళ్లకు ముందుగానే తాళం వేసి, ఇప్పుడు వాడుతున్న డ్రైవ్‌లోనే పెట్టుకోవచ్చు. ఒకే మనిషి నడిపే కార్యాలయానికి నేను మొదట సూచించేది ఇదే.

అపోహ: పాస్‌వర్డ్ పోతే కంపెనీకి ఫోన్ చేసి తెప్పించుకోవచ్చు.

వాస్తవం: చెవి మన దగ్గరే ఉందంటే కంపెనీ దగ్గర లేదనే అర్థం. ఈ సంగతి నాకు ఒక పెళ్లి ఫొటోల స్టూడియో దగ్గర బాధతో తెలిసివచ్చింది. వారికి ఇటువంటి ఖాతా నేనే తెరిచి ఇచ్చాను. పన్నెండు రికవరీ పదాలను కాగితం మీద రాయించకుండా, అదే ల్యాప్‌టాప్ డెస్క్‌టాప్ మీద ఒక టెక్స్ట్ ఫైలుగా ఉంచాను. పాస్‌వర్డ్ ఆ బ్రౌజర్‌లోనే సేవ్ అయి ఉంది. వానాకాలంలో ఒకనాడు ఆ ల్యాప్‌టాప్ డిస్క్ పాడైంది. క్లౌడ్‌లో ఫైళ్లన్నీ క్షేమంగా ఉన్నాయి, తెరిచే దారి మాత్రం లేదు. కెమెరా కార్డుల్లో మిగిలిన ఫొటోలతో ఆల్బమ్ సగం చేయగలిగారు. ఒడిబియ్యం పోసేటప్పటి ఫొటోలు మాత్రం ఒక్కటి కూడా దొరకలేదు. పెళ్లికూతురు తల్లి స్టూడియోకు వచ్చి, "ఒక్కటన్నా చూడు బిడ్డా" అని అడిగినప్పుడు నేను అక్కడే ఉన్నాను.

అప్పటి నుంచి నా పద్ధతి మారింది. రికవరీ పదాలను యజమాని చేతనే రెండు కాగితాల మీద బాల్ పెన్నుతో రాయించి, ఒకటి ఇంటి బీరువాలో, మరొకటి బ్యాంకు లాకర్‌లో పెట్టిస్తాను. ఆ కాగితం చూసి మరో కంప్యూటర్‌లో ఖాతాను నిజంగా తెరిచి చూపించిన తరువాతే అసలు ఫైళ్లు ఎక్కిస్తాను.

అపోహ: సురక్షితమైన సేవ నుంచి పంపిన లింకు కూడా సురక్షితమే.

వాస్తవం: ఇటువంటి సేవల్లో చాలావరకు ఫైలు తెరిచే చెవి లింకులోనే, హ్యాష్ (#) గుర్తు తరువాతి భాగంలో ఉంటుంది. బ్రౌజర్ ఆ భాగాన్ని సర్వర్‌కు పంపదు కాబట్టి ఆ చెవి కంపెనీకి దొరకదు. కాని లింకు ఎవరి చేతిలో పడితే వారు చూడగలరు. వాట్సాప్ గ్రూపులో వేసిన లింకు ఎన్ని ఫోన్లకు చేరుతుందో పంపినవారికే తెలియదు. లింకుకు గడువు పెట్టి, పాస్‌వర్డ్ పెట్టి, ఆ పాస్‌వర్డ్‌ను ఫోన్‌లో నోటితో చెప్పాలి. పని అయ్యాక లింకును తీసివేయాలి. అవతలివారు జిరాక్స్ సెంటర్‌లో ఆ లింకు తెరిచి ప్రింట్ తీసుకుంటే, ఫైలు ఆ కంప్యూటర్ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో మిగిలిపోతుందని కూడా వారికి చెప్పాలి.

అపోహ: క్లౌడ్‌లో ఉంటే వేరే బ్యాకప్ అక్కరలేదు.

వాస్తవం: సింక్ అంటే బ్యాకప్ కాదు. ఇక్కడ పొరపాటున చెరిపితే అక్కడా చెరుగుతుంది. పాత వెర్షన్లు కొన్నాళ్లే ఉంటాయి. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ కంపెనీ డేటా సెంటర్ భవనం ఒకటి కాలిపోయినప్పుడు, వేరే చోట ప్రతి ఉంచుకోని ఎందరో తమ సమాచారాన్ని శాశ్వతంగా కోల్పోయారు. ఆఫీసులో ఒక హార్డ్ డిస్క్ తప్పనిసరి.

అపోహ: ఈ సేవలు వాడితే చట్టానికి అందకుండా ఉండవచ్చు.

వాస్తవం: అలా అనుకుని వచ్చేవారికి నేను పని చేయను. 2021లో స్విస్ అధికారుల ఉత్తర్వు మేరకు ప్రోటాన్ తన మెయిల్ ఖాతాదారు ఒకరి ఐపీ చిరునామాను (ఏ ఇంటర్నెట్ కనెక్షన్ నుంచి వచ్చారో తెలిపే సంఖ్య) నమోదు చేసి ఇవ్వవలసి వచ్చింది. మెయిళ్లలోని విషయం మాత్రం ఇవ్వలేదు, ఇవ్వగలిగే స్థితిలోనూ లేదు. మన దేశపు సమాచార సాంకేతిక (ఐటీ) చట్టంలోని సెక్షన్ 69 కూడా నిర్దిష్ట కారణాలపై గుప్త సమాచారాన్ని తెరిచి చూపమని ఆదేశించే అధికారం ప్రభుత్వానికి ఇస్తోంది.

అపోహ: దూరదేశపు సేవ కాబట్టి వేగం ఉండదు, డబ్బు కట్టడం కష్టం.

వాస్తవం: రోజువారీ పత్రాలకు దూరం వల్ల ఇబ్బంది రాదు. మొదటిసారి ఎక్కించడమే పెద్ద పని. 200 జీబీ ఫొటోలు 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్ వేగంతో ఆగకుండా వెళ్లినా సుమారు 22 గంటలు పడుతుంది. డబ్బు విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. కార్డుపై అంతర్జాతీయ చెల్లింపులు తెరిచి ఉండాలి. రిజర్వ్ బ్యాంకు ఆటో డెబిట్ నిబంధనలు 2021 అక్టోబర్ నుంచి కఠినమైన తరువాత విదేశీ చందాల చెల్లింపు దానంతట అది జరగకపోవడం నేను చాలాసార్లు చూశాను. చందా ఆగిపోతే కొంత గడువు తరువాత ఫైళ్లు తొలగించే హక్కు కంపెనీకి ఉంటుంది. అందువల్ల నేను ఏడాది చందా ఒకేసారి కట్టించి, గడువుకు పదిహేను రోజుల ముందు తేదీని ఆ కార్యాలయపు గోడ క్యాలెండర్ మీద ఎర్ర సిరాతో గుర్తు పెట్టి వస్తాను.